ఘాటు రాని మిరపకాయలు

మా అత్త సైదాబీ దిష్టి తీస్తే, తూర్పుపాలెంలో ఎంత మొండి ఏడుపు ఏడ్చే పసివాడైనా గుక్క తిప్పుకుని ఊరుకునేవాడు. ఆ బిడ్డ ఏ వీధివాడు, ఏ మతంవాడు అన్న పట్టింపు ఉండేది కాదు. చంకన పిల్లవాణ్ణి వేసుకుని ఎవరొచ్చినా, అత్త ఇన్ని ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ గుప్పిట పట్టి, బిడ్డ చుట్టూ తిప్పి, మా పొయ్యిలో నిప్పుల మీద వేసేది. ఘాటు లేచి ఇంటిల్లిపాదికీ దగ్గొస్తే, "దిష్టీ లేదు గిష్టీ లేదు, పాలు చాలక ఏడుస్తున్నాడు, పో" అని పంపేసేది. ఘాటు రాకపోతే మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అబ్బ, ఎంత దిష్టి తగిలిందే తల్లీ, మొత్తం కాయలు లాగేసుకున్నాయి" అనేది. మిరపకాయ ఏం చెబితే అదే ఆమెకు ఆఖరి మాట. మొగుడు చెప్పినా, కొడుకు చెప్పినా అంత విలువ లేదు.

ఆ నమ్మకాన్నే దారిగా చేసుకుని ఒకడు మా ఇంట్లోకి దూరాడు.

అది అష్టగ్రహ కూటమి వచ్చిన ఏడు, అరవై రెండు. అప్పటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మకరరాశిలో ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయనీ, లోకం మునిగిపోతుందనీ పుష్యమాసం నుంచే పుకార్లు. మిరప కోతకొచ్చింది, పత్తి తియ్యాలి, పైగా ఎన్నికలు. మునిగిపోయే లోకానికి ఎన్నికలెందుకని ఎవరూ అడగలేదు. మా ఆయన ఇమాం హుస్సేన్ తూర్పుపాలెం ఔట్‌పోస్టులో హెడ్ కానిస్టేబులు. ఔట్‌పోస్టంటే ఒక హెడ్డూ, యేసుపాదమనే కానిస్టేబులూ, ఇద్దరికీ కలిపి ఒక సైకిలూ.

ఆ సమయంలో దిగాడు అగ్గిస్వామి. మార్టూరు అవతల ఎక్కడో బడిపంతులుగా చేసి మానేసిన త్యాగరాజు అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఎర్రటి పంచె, నున్నటి గుండు, మెత్తటి మాట. ప్రళయం తప్పదనీ, తనతోపాటు అగ్గి దాటినవాళ్ళే మిగులుతారనీ, అవతలికి చేరితే చచ్చిపోయినవాళ్ళు కూడా కనపడతారనీ చెప్పేవాడు. పొగాకు రైతు జయరావుగారు మొదట పడ్డారు ఆ మాటలకి. ఆ ఏడు ఆకు కాల్చడం, అంటే పొగాకుని వేడికి ఆరబెట్టడం, మానేసి, ఆ పనికి చేను పక్కన కట్టిన తన బ్యారన్ స్వామికి రాసిచ్చినంత పని చేశారు.

ఒకరోజు పొద్దున్నే జయరావుగారి కళ్ళంలో స్వామి హోమం పెట్టాడు. ఊరంతా వెళ్ళింది, నేనూ వెళ్ళాను. పత్తికట్టె కుప్పపోసి అంటించారు, మంట మనిషెత్తు లేచింది. అప్పుడు స్వామి జనంలోకి చూసి, "ఈ ఊళ్ళో దిష్టి తీసే తల్లి ఎవరు?" అన్నాడు. అందరూ మా అత్తను ముందుకు తోశారు.

"ఈ ఊరి మొత్తానికీ దిష్టి తియ్యి తల్లీ. నీ చేత్తోనే వెయ్యి. నేనుండగా ఘాటు రాదు" అన్నాడు.

అత్త దోసెడు మిరపకాయలు జనం వైపు మూడుసార్లు తిప్పి మంటలో వేసింది. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు. మాది మిరపకాయతో పుట్టి పెరిగిన ఊరు. ఇంకో ఊళ్ళో అయితే దీన్నొక వింతగా కూడా లెక్కపెట్టరు. మావాళ్ళు మాత్రం నిలువునా వణికిపోయారు. అత్త అక్కడే కూలబడి ఆయన కాళ్ళు పట్టుకుంది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"అత్తా, అంత మంటలో వేస్తే కాయ పొగ రాకముందే మాడి బూడిదవుతుంది. దానికి తోడు పడమటి గాలి. మనమందరం పడమటి వైపే కూర్చున్నాం. దగ్గాల్సింది ఎవరు, సముద్రమా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ మిరపకాయలు కాలుస్తున్నానే నేను. నాకు చెప్తున్నావా?"

"నువ్వు ఎప్పుడూ నిప్పుల మీదే కాల్చావు. మంటలో ఎప్పుడు వేశావు?"

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఆయనతో చెబితే తల గోక్కుని, "నమ్మకం మీద కేసు పెట్టడానికి సెక్షన్ లేదు ఖుర్షిదా" అన్నాడు.

అత్తకు ఆ నమ్మకం ఎందుకు కావాలో మాకు తెలుసు. అంతకు మూడేళ్ళ కిందట మా మరిది బాజీ ఎద్దుల్ని దాటించబోయి రొంపేరు వాగులో కొట్టుకుపోయాడు. వరద తీశాక మా ఆయన వేటపాలెం దాకా గట్లన్నీ గాలించాడు. ఎద్దులు దొరికాయి. మనిషి దొరకలేదు. శవాన్ని చూడలేదు కాబట్టి బాజీ పోలేదని అత్త వాదన. అంతమంది పోలీసులు ఉండి నీ తమ్ముణ్ణి తేలేకపోయావని పెద్దకొడుకు మీద ఆమె కోపం. ఆయన ముందు అన్నం పెట్టేది, మొహం వైపు మాత్రం చూసేది కాదు. నేను కోడలిగా ఎన్నోసార్లు చెప్పి చూశాను. ఆ ఇంట్లో బతికున్న కొడుకుకి పోయిన కొడుకంత చోటు లేకపోయింది.

హోమమైన వారానికే దర్జీ పీరు మా ఇంటికొచ్చాడు.

"వదినా, సైదమ్మ బాజీకి చొక్కా కుట్టమని గుడ్డ తెచ్చిచ్చింది. కొలతలేవమ్మా అంటే, నా చెయ్యి వాడి భుజం మీద వేస్తే ఇంతుండేవాడని చూపించింది. కుట్టకపోతే ఇంకోడి దగ్గరికి పోతానంది. కుట్టి ఇచ్చాను. మీరు నన్నేమీ అనుకోబాకండి."

పీరుకి ఇన్ని మంచినీళ్ళిచ్చి పంపాను.

కూటమి రోజులు వచ్చాయి, పోయాయి. సూర్యుడు తూర్పునే పుట్టాడు, మా గేదె ఎప్పటిలాగే ఒక పూట తన్నింది, ఒక పూట పాలిచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. అక్కడే పొరపడ్డాం. లోకం మునగకపోతే స్వామి సిగ్గుపడి ఊరొదిలి పోతాడనుకుంటే, ఆయన గ్రహాలు దాటాయి గాని అగ్గి ఇంకా దాటలేదన్నాడు. మాఘ పౌర్ణమి మిట్టమధ్యాహ్నం ఆఖరి గడియ అన్నాడు. సగం మంది నవ్వుకుని చేలల్లోకి పోయారు. మిగిలిన సగం మంది అంతకుముందు కంటే మొండిగా నమ్మారు. ముప్పై నలభై మంది ఇళ్ళొదిలి బ్యారన్‌లో చేరారు. రంజాన్ ఒక్కపొద్దులు మొదలైన రోజున, మా అత్త చొక్కా పొట్లం చంకన పెట్టుకుని వాళ్ళలో కలిసింది.

ఒక్కపొద్దు విడిచే వేళకి మా ఆయనా నేనూ గంజీ ఖర్జూరాలూ పట్టుకుని బ్యారన్ దగ్గరికి వెళ్ళాం. పొగాకు బ్యారన్ అంటే కిటికీలు లేని ఎత్తైన గది. పొయ్యి బయట ఉంటుంది, దాని వేడిని లోపలికి తీసుకుపోయే రేకు గొట్టాలు నేలంతా చుట్టుకుని ఉంటాయి. ఆ గొట్టాల మధ్య జనం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పోలీసోడిగా వచ్చావా, కొడుగ్గా వచ్చావా?"

"కొడుగ్గానే వచ్చానమ్మా. ఈ బట్టలు ఉద్యోగానివి. ఇంటికి పోదాం రా."

"కొడుకువైతే నీ తమ్ముణ్ణి తెచ్చివ్వు. రొంపేరంతా తిరిగి చేతులూపుకుంటూ వచ్చావు. ఈయన తెస్తానన్నాడు."

స్వామి వెనకనుంచి వచ్చి అత్త నెత్తిన చెయ్యి పెట్టి, "హెడ్డుగారూ, ఈమె ఇక మీ అమ్మ కాదు, మా అమ్మ" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. గంజి గిన్నె వాడి గుండు మీద బోర్లించాలనిపించింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. దారిలో పత్తి చేను గట్టు మీద కూర్చుని, నీళ్ళు తాగి ఒక్కపొద్దు విడిచాడు. ఖర్జూరం నోట్లో పెట్టుకోలేదు.

"నేను అమ్మని బయటికి తెస్తాను. ఎట్లా తేవాలో ఇంకా తెలీదు. తేవడం మాత్రం తెస్తాను" అన్నాడు లేచి.

ఆ రోజునుంచీ మనిషి అదే పనిలో ఉన్నాడు. రోజూ పొద్దునా సాయంత్రం బ్యారన్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చేవాడు. ఎవరి పొలం ఎటుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, పొయ్యి దగ్గర ఎవరుంటారు అన్నీ చూసుకునేవాడు. పౌర్ణమి ఇంక రెండు రోజులుందనగా పొయ్యినిండా పత్తికట్టె కూరారు. స్వామి మనుషులు కిరసనాయిలు డబ్బాలు లోపలికి చేరవేశారు. తలుపు లోపలి గడియ పడింది.

ఆ మర్నాడు సుబ్బరావమ్మ ఔట్‌పోస్టుకి వచ్చింది. ఆమె మొగుడు బుల్లయ్య కూడా బ్యారన్‌లో ఉన్నాడు. ఆమె మాత్రం నమ్మలేదు. రోజూ గంజి పట్టుకెళ్ళి, లోపలికి పోనివ్వకపోతే గోడ బయట కూర్చుని వచ్చేది. ఆ సమయానికి గ్రామ మునసబు రామచంద్రమూర్తిగారు కూడా అక్కడే ఉన్నారు. మా ఆయనకు క్యారేజీ తెచ్చే పని ఆ నెలలో లేదు గాని, కాలు నిలవక నేనూ వెళ్ళి వరండాలో నిలబడ్డాను.

"హెడ్డుగారూ, మా ఆయన మౌనంలో ఉన్నాడంటున్నారు" అంది సుబ్బరావమ్మ.

"ఉంటే ఉంటాడమ్మా, లోపల అందరూ అట్లాగే ఉన్నారు" అన్నాడు యేసుపాదం.

"మాట మానుకోవచ్చు నాయనా. దగ్గెట్లా మానుకుంటాడు? ఉబ్బసం మనిషి. ఆ దగ్గు పక్కన పడుకునే ముసలిదాన్నయ్యాను నేను. మొన్నటి దాకా గోడ బయటికి వినపడేది. నిన్నటి నుంచి వినపడటం లేదు."

ఆమె ఏడవలేదు. ఇంతకీ మీరేం చేస్తారన్నట్టు మా ఆయన వైపే చూస్తూ నిలబడింది.

మునసబుగారు గొడుగు తీసి చంకన పెట్టుకున్నారు. "అనుమానాస్పద మరణం అని రిపోర్టు ఇవ్వాల్సింది నేను. ఇస్తున్నాను. కాగితం తర్వాత రాస్తాను, ముందు పని కానివ్వండి హెడ్డుగారూ" అన్నారు.

యేసుపాదం సైకిలు మీద మార్టూరు పోయి ఒంగోలుకి ఫోను చేయించాడు. జవాను దగ్గర్నుంచి అధికారి దాకా అందరూ ఎన్నికల బందోబస్తులో ఉన్నారు. పోలింగు అయ్యేదాకా మనిషిని పంపలేం, ఈలోపు ఏ గొడవా జరక్కుండా చూసుకోమన్నారు. పౌర్ణమేమో తెల్లవారితే వస్తోంది.

ఈ సంగతి తెలిసి వీధిలో నలుగురు చేరారు. అందులో ఒకడు, "మన స్వామి సంగతి ఈ సాయిబు హెడ్డుకెందుకంట?" అన్నాడు, వినపడాలనే.

మునసబుగారు ఆగారు. "ఒరేయ్, మీ అమ్మ ఎక్కడుందిరా?"

"ఇంట్లో ఉందండి."

"ఆయన అమ్మ లోపలుంది. ఇంటికి పోయి మీ అమ్మ పెట్టిన అన్నం తిను."

పౌర్ణమి నాడు ఎండెక్కకముందే బయలుదేరాం. మా ఆయన, యేసుపాదం, మునసబుగారు, వాళ్ళతో ఊరి తలారి. ఆ వెనక సుబ్బరావమ్మ, ఆమె వెనక నేను. మా ఆయన నన్ను చూసి, "నువ్వెక్కడికి?" అన్నాడు.

"మా అత్త దగ్గరికి" అన్నాను. ఆయన ముందుకు నడిచాడు.

పొయ్యి దగ్గర కాపలా ఉన్న ఇద్దరూ యేసుపాదం లాఠీ చూసి మిరప చేనుకి అడ్డంపడి పరుగెత్తారు. తలారి పొయ్యిలోంచి పత్తికట్టె అంతా లాగి దూరంగా పారేశాడు. బయటినుంచి అంటించే భయం తీరింది. మా ఆయన వెళ్ళి తలుపు తట్టాడు.

"త్యాగరాజూ, హెడ్ కానిస్టేబుల్ని మాట్లాడుతున్నాను. తలుపు తియ్యి. బుల్లయ్యను చూడాలి."

లోపల్నుంచి అదే మెత్తటి గొంతు. "బుల్లయ్య ముందే దాటాడు. తలుపు మీద చెయ్యి వేస్తే మిగిలినవాళ్ళం కూడా ఇప్పుడే దాటుతాం. డబ్బాలు విప్పి ఉన్నాయి, అగ్గిపెట్టె నా చేతిలో ఉంది. మిట్టమధ్యాహ్నం దాకా మీరు ఆగితే మీకే మంచిది."

సుబ్బరావమ్మ నేల మీద కూర్చుండిపోయింది. తలుపు చిన్నదే, ఇద్దరు మగాళ్ళు భుజం వేస్తే ఊడొస్తుంది. కానీ అది ఊడేలోపు అగ్గిపుల్ల వెలుగుతుంది. పొద్దు నెత్తి మీదికి వస్తే ఎట్లాగూ వెలుగుతుంది. మా ఆయన వెనక్కి వచ్చి తుమ్మచెట్టు నీడన నిలబడ్డాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఒక్కపొద్దు కదా, నీళ్ళు కూడా ముట్టలేదు.

"సమ్మెల్లో గుంటూరులో కళ్ళు మండే పొగ వదిలేవాళ్ళం. నిమిషంలో వీధి ఖాళీ అయ్యేది. అది ఒక్క డబ్బా ఉంటే చాలు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆ సమయంలో కూడా. "చుట్టూ చూడండి" అన్నాను.

చుట్టూ కళ్ళాలే. కనుచూపు మేర మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి.

మా ఆయన ఒకసారి కళ్ళం వైపు, ఒకసారి బ్యారన్ పొయ్యి వైపు చూశాడు. తలారిని పిలిచి, "ఈ ఏడు గొట్టాల అతుకులకి మట్టి పెట్టారా?" అని అడిగాడు.

"ఎక్కడండీ. ఆకు కాల్చేముందు పెడతారు గాని, జయరావుగారు ఈ ఏడు బ్యారనే ముట్టించలేదు గదా. ప్రతి అతుకూ నోరు తెరుచుకునే ఉంటది."

"పొగంతా గదిలోకే పోతుందన్నమాట."

మునసబుగారికి భయమేసింది. "లోపల ముసలివాళ్ళున్నారు హెడ్డుగారూ. ఊపిరి అందకపోతే?"

"దగ్గుతారు, కళ్ళు మండుతాయి. కళ్ళు తెరవలేనివాడు అగ్గిపుల్ల గియ్యలేడు. గీస్తాడేమో కూడా, చెప్పలేను. ఊరికే కూర్చుంటే మాత్రం తప్పకుండా గీస్తాడు." తలుపు వైపు చూశాడు. "లోపల మా అమ్మ ఉంది. అది మర్చిపోయి చెప్పటం లేదండీ ఈ మాట."

మునసబుగారు తలూపారు. "చేసింది మీరొక్కరే కాదు, నేను కూడా అని రాసుకోండి."

పక్క కళ్ళంలో కాపలావాళ్ళ పొయ్యి ఉంది. పెంకులో నిప్పులు నేనే తెచ్చాను. మంట లేకుండా బ్యారన్ పొయ్యిలో పరిచాను. గింజ బిగిసిన కాయలు చూసి దోసెడు ఏరాను. మా ఆయన, యేసుపాదం తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"ఎంత వేస్తావు?" అన్నాడు మా ఆయన.

"అత్త ఉంటే చెప్పేది" అన్నాను. గుప్పెడు వేశాను. కాసేపాగి ఇంకో గుప్పెడు.

మొదట మాకే దగ్గొచ్చింది. మునసబుగారు పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరం పోయారు. తర్వాత లోపల ఒకరు దగ్గారు. ఆ వెంటనే ఇంకొకరు, ఆపైన అందరూ. ఎవరో ఆడమనిషి నీళ్ళు నీళ్ళు అని అరిచింది. స్వామి గొంతు, దగ్గుల మధ్య తెగిపోతూ, "కదలొద్దు, ఇది పరీక్ష, ఓర్చుకోండి" అంటోంది. మా ఆయన చెవి తలుపుకి ఆనించి నిలబడ్డాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మూడో గుప్పెడు పట్టుకుని వెయ్యాలా వద్దా అని చూస్తున్నాను.

అప్పుడు వినపడింది మా అత్త గొంతు. దగ్గుతూనే ఉంది గాని, అరవటం లేదు. మా గుమ్మంలో నిలబడ్డ తల్లితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమయ్యా. నువ్వుండగా ఘాటు రాదన్నావే."

స్వామి ఏదో అన్నాడు.

"పరీక్షా లేదు గిరీక్షా లేదు. ఘాటు వస్తోంది. అంటే ఇక్కడ ఏమీ లేదు" అంది అత్త.

గడియ తీసిన చప్పుడైంది.

ముందు అత్తే బయటికి వచ్చింది, చొక్కా పొట్లం గుండెలకి అదుముకుని. ఆమె వెనకే జనం ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చేశారు. మా ఆయన తల్లిని దాటుకుని లోపలికి దూకాడు. లోపల కాసేపు పెనుగులాట, డబ్బా దొర్లిన చప్పుడు. ఆ తర్వాత మా ఆయనా యేసుపాదమూ స్వామిని చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. అగ్గిపెట్టె ఎక్కడో జారిపోయింది. కళ్ళు రెండూ మూతలు పడి, చీమిడి కారుతూ, "నీళ్ళు, కళ్ళు కడుక్కోవాలి, నీళ్ళు" అంటున్నాడు. అగ్గి దాటిస్తానన్న మనిషి. యేసుపాదం కుండెడు నీళ్ళు తెచ్చి, తిట్టుకుంటూనే వాడి మొహాన పోశాడు.

చివరికి బయటికి రానిది బుల్లయ్య ఒక్కడే. గోడ వారన దుప్పటి కప్పి ఉంచారు. సుబ్బరావమ్మ ఆ ఘాటులోకే వెళ్ళి పక్కన కూర్చుంది. లోపలికి వెళ్ళినవాళ్ళం మేమందరం దగ్గుతున్నాం. ఆమె బుల్లయ్య మొహం వైపు చూస్తూ, తన దగ్గు ఆగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోలింగు అయ్యాక ఒంగోలు నుంచి అధికారులు వచ్చారు. స్వామిని తీసుకుపోయారు, బుల్లయ్య ఎట్లా పోయాడో విచారించారు. ఉపవాసమని పేరు పెట్టి నీళ్ళు తాగనివ్వక చంపాడని తేలి, వాడికి శిక్ష పడింది. తలుపు ఎట్లా తీయించావని మా ఆయన్ని అడిగితే, "వాళ్ళే తీశారు సార్" అన్నాడంతే.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. అత్త నడిచి ఇంటికొచ్చింది, స్నానం చేసింది, మర్నాటి నుంచి ఒక్కపొద్దులు కూడా పట్టింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. చొక్కా పొట్లం తన తలగడ కింద పెట్టుకుంది. బిడ్డల్ని చంకన వేసుకుని వచ్చినవాళ్ళని, "నాకు చేతకాదమ్మా, పోండి" అని గుమ్మంలోంచే పంపేసింది. మా ఆయన ఆమెను ఒక్క మాట అడగలేదు. సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు, ఎవరి గిన్నె వైపు వాళ్ళు చూసుకుంటూ. గడియ తీసింది ఆమె, తీయించింది ఆయన. ఆ ముక్క ఎవరో ఒకరు పైకి అంటే బాగుండునని నాకు నోటిదాకా వచ్చేది. కానీ అది నేను అనాల్సిన మాట కాదని మింగేసేదాన్ని.

ఆ నెల రోజులూ ఆయనకు బందోబస్తులతోనే సరిపోయింది. పండక్కి కొత్త బట్టలు కుట్టించుకోలేదు. రంజాన్ నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పాత చొక్కా దండెం మీంచి తీస్తుంటే, అత్త లోపల్నుంచి వచ్చింది. చేతిలో పొట్లం.

"ఉసేనూ, ఇది తొడుక్కో" అంది.

మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు. నేను సేమ్యా కలుపుతున్న గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆయన చొక్కా తీసుకుని విప్పి చూశాడు. అది ఎవరి కోసం కుట్టిందో ముగ్గురికీ తెలుసు. ఆయన చేతులు దూర్చాడు. బాజీ సన్నటి మనిషి, ఈయన పోలీసు మనిషి. భుజాల దగ్గర పట్టేసింది, గుండీలు రెండు పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

"బిగుతైంది. విప్పు, పీరుతో వదులు చేయిస్తా" అంది అత్త.

"బాగానే ఉందమ్మా."

అత్త ఆయన చుట్టూ తిరిగి భుజాలు తడిమి చూసింది. గుంపులో పోగొట్టుకున్న మనిషి దొరికాడా లేదా అని చూసుకున్నట్టు చూసింది. తర్వాత మిరపకాయల బుట్టలోంచి గుప్పెడు తీసుకుంది. ఉప్పు కలిపింది. ఆయన్ని తూర్పు మొహంగా నిలబెట్టి మూడుసార్లు తిప్పి, మా పొయ్యిలో నిప్పుల మీద వేసింది.

ఘాటు గుప్పుమంది. నేను దగ్గాను, ఆయన దగ్గాడు, గుమ్మం బయట నమాజుకి పిలవడానికి వచ్చిన పీరు కూడా దగ్గాడు.

"ఏమీ తగల్లేదురా నీకు" అంది అత్త, కళ్ళు తుడుచుకోకుండానే. "మూడేళ్ళుగా నిన్ను ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు."

ఆయన వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వీపు మీద కుట్లు పటపట తెగాయి. ఆ చిరిగిన చొక్కాతోనే పండగ నమాజుకి పోయాడు.